కొండ లేకున్నా... సాహసమే!

ట్రెక్కింగ్ అనగానే కొండలూ లోయలే గుర్తొస్తాయి. మరి చూపుమేరంతా వరిచేలే ఉండే బందరు, గుడివాడవాళ్ల సంగతేంటి? వాళ్లకి దివిసీమ ఉందిగా!

కోడూరు మండలం పాలకాయతిప్ప బీచ్ నుంచి తీరం వెంట నడిస్తే కృష్ణమ్మ బంగాళాఖాతంలో కలిసే చోటు వస్తుంది. అదే హంసలదీవి సాగరసంగమం. ఎత్తులు ఎక్కే పన్లేదు కానీ ఇసుకా బురదా పిక్కల పని పడతాయి. అసలు పరీక్ష పెట్టేది మాత్రం సముద్రమే. ఇక్కడ పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అంటే, పోయిన ఆదివారం పొద్దున పొడిగా ఉన్న బాట ఈ ఆదివారం అదే వేళకి నీళ్లలో ఉండొచ్చన్నమాట! అందుకే స్థానిక మత్స్యకారుల్ని అడిగాకే అడుగేయాలి.

బృందంగా వెళ్తే దారి తెలిసినవారు ముందూ, అనుభవజ్ఞులొకరు చివరా ఉండాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే అందరిదీ. సంగమం దగ్గర సుడులుంటాయి, నీళ్లలోకి దిగకూడదు.

ఆ పక్కనే ఉన్న మడ అడవులు కృష్ణా అభయారణ్యంలోవి. అటవీశాఖ అనుమతి లేనిదే వెళ్లకూడదు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతోనే ఆ చెట్లు ఊపిరి తీసుకుంటాయి, తొక్కొద్దు. 1977 నవంబరు 19 ఉప్పెనకు వేలమందిని పోగొట్టుకున్న సీమ ఇది. అలల జోరును తగ్గించే మడచెట్టు విలువ పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటేముంది?