ఒంటికి తగ్గ తెరచాప

మన ఇళ్లల్లో పిల్లలకు బట్టలు కుట్టించేటప్పుడు దర్జీతో తప్పకుండా చెప్పే మాట ఒకటున్నది. "కాస్త వదులుగా కుట్టు నాయనా, ఎదిగే పిల్లాడు" అంటాం. చెప్పులు కొన్నా అంతే. వచ్చే యేటి పాదాన్ని ఊహించుకుని ఈ యేడు కొంటాం. మొదటి ఆరు నెలలూ ఆ చెప్పులు పిల్లవాణ్ణి మోస్తాయో, పిల్లవాడే వాటిని మోస్తాడో చెప్పటం కష్టం. అయినా అందువల్ల మునిగిపోయేదేమీ లేదు గనుక సంసారపక్షంగా చెల్లిపోతున్నది. కాని ఈ సూత్రం బొత్తిగా పనికిరాని వస్తువు ఒకటున్నది. అది తెరచాప పడవ.

"సముద్రం లేని వూళ్లో పడవలేమిటండీ?" అని సికిందరాబాదుకు కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతూ వుంటారు. సముద్రం లేకపోతేనేం? 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలాన కట్టిన హుస్సేన్‌సాగరం వున్నది. వానాకాలపు గాలి లేచేసరికి బుద్ధవిగ్రహం చుట్టూ తెల్లని తెరచాపలు కొంగలు వాలినట్టు కనిపిస్తాయి. సికిందరాబాద్ సెయిలింగ్ క్లబ్బూ, సైన్యంవారి ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషనూ, 2009లో వెలిసిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాదూ ఈ చెరువునే నమ్ముకున్నవి. మా అబ్బాయి ఈ విద్య నేర్చుకున్న రెండేళ్లూ గట్టున కూర్చుని నేను గ్రహించిన మొదటి సంగతి ఇది: పడవల్లో మంచివీ చెడ్డవీ అంటూ లేవు. ఎవరికి ఏది తగినది అన్నదే ప్రశ్న.

ఎందుకంటే ఇదంతా తక్కెడ వ్యవహారం. గాలి వచ్చి తెరచాపను ఒక పక్కకు తోస్తుంది. పడవ ఒరుగుతుంది. అప్పుడు పడవ నడిపే మనిషి రెండో పక్క అంచుమీద కూర్చుని, పాదాలను లోపలి పట్టీకి తగిలించి, వెల్లకిలా బయటికి వాలతాడు. గాలి ఒక సిబ్బె, మనిషి ఒక సిబ్బె. తెరచాప పెద్దదై మనిషి తేలికైతే, పడవను నిలపటానికి మాటిమాటికీ తాడు వదలక తప్పదు. తాడు వదిలితే గాలి జారిపోతుంది, వేగమూ పోతుంది. ఇంకా మొండికేస్తే పడవ బోర్లాపడుతుంది. పోనీ, భారీ మనిషి చిన్న పడవలో కూర్చుంటే? గాలి మందంగా వున్ననాడు పడవ వెనక భాగం నీళ్లలో కుంగి, ఎక్కడి గొంగళి అక్కడే అన్నట్టుంటుంది. చాప వున్నంతమేరకే కాళ్లు చాచుకోమన్నారు పెద్దలు. ఇక్కడ ఆ మాట తిరగేసి చెప్పుకోవాలి: ఒళ్లున్నంతమేరకే తెరచాప ఎత్తుకోవాలి.

పిల్లల పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు క్లియర్‌వాటర్ వూళ్లో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీన్ని రూపొందించాడు. సామాన్య కుటుంబాల పిల్లలకు అందాలనీ, ఖర్చు 50 డాలర్లు దాటరాదనీ ఆ వూరి ఆప్టిమిస్ట్ క్లబ్బువారి కోరిక. ఎనిమిదడుగుల ప్లైవుడ్ పలకల్లోనే సరిపెట్టాలి గనుక పడవ పొడవు ఎనిమిదడుగులకు కాస్త తక్కువ. ముక్కు ముందుకు సాగకుండా కోసేసినట్టు చదునుగా వుంటుంది. చూడటానికి స్నానాల తొట్టె! కాని ఆ మొండిముక్కు వల్లనే ఇంత చిన్న పడవకు వెడల్పూ, నిలకడా వచ్చాయి. బరువు 35 కిలోలు, తెరచాప ఒక్కటే. పదిహేనేళ్ల వయసు వరకు పోటీల్లో దీన్ని నడపవచ్చు.

తరువాతి మెట్టు లేజర్. 1969లో బ్రూస్ కర్బీ గీసిన బొమ్మ ఇది. 2019 నుంచి పోటీల్లో ఇల్కా అంటున్నారు. పొడవు 4.2 మీటర్లు, ఒంటరివాడి పడవ. ఇందులో చమత్కారమేమిటంటే పడవ ఒక్కటే, తెరచాపలు మూడు. 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. తెరచాప కొయ్యలో కింది ముక్క మార్చి, తగిన గుడ్డ తొడిగితే సరి. అమ్మలు పరికిణీ అంచు లోపలికి మడిచి కుట్టి, పిల్ల పొడుగైనకొద్దీ విప్పుతారే, ఆ తెలివే ఇదీనూ. మధ్య తెరచాపకు సుమారు 55 నుంచి 70 కిలోల మనిషి కావాలి. పెద్దదానికి ఇంకా బరువు కావాలి. చిన్న తెరచాప అంటే చిన్నతనమని మాత్రం అనుకోకండి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మధ్యప్రదేశ్ అమ్మాయి నేహా ఠాకూర్ వెండి పతకం తెచ్చింది ఆ 4.7 చదరపు మీటర్ల తెరచాపతోనే.

ఇక స్వభావం సంగతి. ఒంటరిగా ఆలోచించి, తప్పయినా ఒప్పయినా తానే భరించే పిల్లవాడికి లేజర్ నప్పుతుంది. తోడుంటేనే హుషారెక్కేవాళ్లకు ఇద్దరు నడిపే 420, 470 పడవలున్నాయి. ఆ అంకెలు పడవ పొడవే, సెంటీమీటర్లలో. మన హుస్సేన్‌సాగరంలో నేర్చుకున్న ప్రీతి కొంగర హాంగ్‌జౌలో జంటగా నడిపింది 470 పడవనే. వేగం తప్ప మరేదీ రుచించనివాళ్లకు 49ఇఆర్ వున్నది. అది నడుస్తున్నంతసేపే నిలబడుతుంది.

మా వీధిలో ఒక పెద్దమనిషికి పన్నెండేళ్ల కూతురు. ఒకనాడు గట్టుమీద నా పక్కన కూర్చున్నారు.

"మాస్టారూ, మా అమ్మాయి క్లాసులో ఎప్పుడూ ఫస్టేనండీ. ఇంకా ఆ తొట్టెలోనే కూర్చోబెడుతున్నారు. లేజర్ కొనిపెడదామనుకుంటున్నాను. రెండేళ్లలో ఎలాగూ ఎదుగుతుంది గదా!"

"అమ్మాయి బరువెంతండీ?"

"36 కిలోలు. అయినా బరువుతో ఏం పని? తెలివి ముఖ్యం గాని."

"గాలికి మార్కుల సంగతి తెలియదు గదండీ" అన్నాను.

తడిబట్టలతో అప్పుడే గట్టెక్కిన ఆ పిల్ల ఈ మాట విన్నది. "నాకిదే బాగుంది నాన్నా. బోర్లాపడితే దీన్ని నేనొక్కదాన్నే లేపుకోగలను" అన్నది.

పడవ ఎంచుకోవటానికి ఇంతకంటె మంచి కొలత నేనింతవరకు వినలేదు. తానొక్కతే లేపుకోలేని పడవలో రెండుసార్లు పడిన పిల్ల మూడోసారి చెరువు మొహం చూడదు. నీళ్లంటే పుట్టిన భయం, ఒంటితోపాటు పెరుగుతుందే గాని బట్టలాగా పొట్టి కాదు. ఆయన ఆ యేడు లేజర్ కొనలేదు.

ముందు ఈత నేర్పించండి. లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కనివ్వకండి. పిల్లను తూయించండి. ఒంటరి పడవా, జంట పడవా అన్నది ఆ పిల్లనే అడగండి. కొనే ముందు క్లబ్బు పడవల్లో రెండు మూడు రకాలు ఎక్కి చూడనివ్వండి. గాలి బాగా వున్ననాడు మీరూ గట్టుకు వెళ్లండి. అక్కడ తెరచాపను చూడకండి. ఒడ్డుకు తిరిగివచ్చే పిల్ల మొహం చూడండి.