బంక మీద బ్లేడు ఎందుకు?

కారు వెనుక అతికించిన కంపెనీ గుర్తునో, పేరు అక్షరాలనో ఊడదీస్తే ఏం మిగులుతుంది? వాటి కింద ఒక బంక చార మిగులుతుంది. దుమ్మంతా దాని మీదే చేరుతుంది. సబ్బు నీళ్లతో ఎంత రుద్దినా అది పోదు. అప్పుడు మనవాళ్లు సాధారణంగా చేసే పనులు రెండు. ఒకటి, బ్లేడు పెట్టి గీకడం. రెండు, గుడ్డను పెట్రోలులో ముంచి తుడవడం. ఈ రెండూ మానాలని నేనంటాను. అందుకు కావలసిన శాస్త్రం మీ సైన్సు పుస్తకాల్లోనే ఉంది. అది పరీక్ష కాగితం దాటి షెడ్డు దాకా రావడం లేదు, అంతే.

ముందు బ్లేడు సంగతి చూద్దాం. కారు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద రంగు, ఆపైన మెరుపు కోసం పారదర్శకమైన ఇంకో పూత ఉంటాయి. ఇవన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మన తలవెంట్రుక ఒక్కటే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే రెండు వెంట్రుకల మందమే ఆ రేకుకు రక్ష! దాని మీద బ్లేడు ఆడిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? నెల్లూరు జిల్లా కొడవలూరు లాంటి చోట ఇది మరీ ముఖ్యం. అక్కడికి సముద్రం ఎంతో దూరం లేదు. గాలిలో తేమ ఉంటుంది, ఉప్పు ఉంటుంది. గీత రేకు దాకా దిగిందంటే తుప్పుకు తలుపు తీసినట్టే. ఉప్పు కలిసిన తేమ విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక తుప్పు మరింత వేగంగా పాకుతుంది.

“మరి అద్దాల మీద బ్లేడుతోనే గీకుతారు కదా?” అని మీరు అడగవచ్చు. నిజమే. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు ఉండరాదని తీర్పు చెప్పింది. అలాంటి ఫిల్ము లాగేశాక మిగిలే బంకను సబ్బు నీళ్లు చల్లి, బ్లేడును వాలుగా పట్టి తీస్తారు. అద్దం గట్టిది, చాలావరకు తట్టుకుంటుంది. కారు రంగు అలా కాదు, అది ప్లాస్టిక్కుకు చుట్టం.

ఇంతకీ ఈ బంక ఎందుకంత మొండిది? మైదాపిండి జిగురు ఆరి గట్టిపడి అతుకుతుంది. ఇది ఎప్పటికీ ఆరదు. పొడవాటి గొలుసుల్లాంటి అణువులతో, సగం ద్రవంలా సగం ఘనంలా ఉంటుంది. నొక్కితే మెల్లగా పారి, కంటికి కనపడని గుంటల్లోకి కూడా చేరి పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే ఆ గొలుసులు ఒకదానికొకటి ముడిపడి బిగుసుకుంటాయి. అయినా వేడి చేస్తే కాస్త మెత్తబడుతుంది. మనకు పనికొచ్చే మొదటి రహస్యం ఇదే. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను కాసేపు కప్పి ఉంచి, తర్వాత బొటనవేలితో ఒక వైపుకే రుద్దండి. బంక ఉండలు చుట్టుకుని చాలావరకు వచ్చేస్తుంది. గుర్తును ఊడదీసేటప్పుడు కూడా స్క్రూడ్రైవరు దూర్చడం కంటే, వెచ్చబరచి వెనుక నైలాను దారం రంపంలా లాగడం మేలు.

రెండో రహస్యం ద్రావణీయత. నీటి అణువులో ఒక కొస ధన, ఇంకో కొస ఋణ స్వభావం చూపుతాయి. బంక అణువులు నూనెల జాతివి. అందుకే నీళ్లకు లొంగవు, నూనెకు లొంగుతాయి. కొబ్బరినూనె పూసి అరగంట వదిలేస్తే బంక ఉబ్బి పట్టు సడలుతుంది. కొన్ని రకాల బంకకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఓపిక కావాలి.

ఈ లెక్కన పెట్రోలూ పనిచేస్తుంది, కాదనను. క్షణంలో చేస్తుంది కూడా. కానీ పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు తక్కువ ఉన్న చలిలో సైతం నిప్పంటుకునేంత ఆవిరినిస్తుంది. మన ఎండల్లో సంగతి చెప్పాలా? ఆ ఆవిరి గాలికంటే బరువు. నేల వెంట పాకి, పక్కనే వెల్డింగు జరుగుతుంటే ఆ నిప్పురవ్వను చేరుకుంటుంది. అందులో క్యాన్సరు కలిగించే బెంజీను ఉంటుంది. ఒట్టి చేతులతో రోజూ పెట్రోలు గుడ్డ పట్టే కుర్రాళ్లు మీ అన్నల వయసువారే. కారు రంగు పోతే మళ్లీ వేయించుకోవచ్చు. థిన్నరు మరీ దారుణం: అది రంగును పలచబరచడానికే పుట్టింది. స్థానికంగా మళ్లీ రంగు వేయించిన బండి అయితే బంకతో పాటు రంగూ గుడ్డకు అంటుతుంది.

ఒక చిత్రమైన విషయం చెబుతాను. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు ఉండేది. రంగుల హద్దు కోసం అతికించిన కాగితం తీస్తుంటే కొత్త రంగు కూడా ఊడివచ్చేది. పెయింటర్ల అవస్థ చూసి త్రీ ఎం కంపెనీకి చెందిన రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు. గట్టిగా అతకడం ఒక్కటే కాదు, శుభ్రంగా ఊడిరావడం కూడా గొప్పేనని ఆయన గుర్తించాడు. స్టీలు గిన్నెల మీద ధర చీటీలు అంటించే మన వ్యాపారులకు ఈ మాట ఎవరైనా చెబితే బాగుండు!

మన వైపు గూడూరు, పొదలకూరు నిమ్మకాయలకు పేరు. నిమ్మరసం బంకను కరిగించదు, అది నీళ్లతో కూడిన ఆమ్లం. తొక్కలోని నూనె కరిగిస్తుంది. అందులో ఎక్కువ భాగం లిమొనీన్. నమ్మకపోతే బాగా ఊదిన రబ్బరు బుడగ మీద నిమ్మతొక్కను మడిచి చిమ్మండి. రబ్బరు కరిగి టప్పున పేలవచ్చు. కళ్లు జాగ్రత్త. ఆ నూనె కూడా మండేదే కనుక పొయ్యి దగ్గర వద్దు.

ద్రావణీయత పాఠానికి ప్రయోగశాలలో ఉప్పు, పంచదార కరిగించి ఊరుకోవడం నాకు నచ్చదు. చీటీ అంటించిన పాత స్టీలు పళ్లేలు నాలుగు చాలు. ఒకదాని మీద నీళ్లు, ఒకదాని మీద సబ్బు నీళ్లు, ఒకదాని మీద కొబ్బరినూనె, ఒకదాని మీద నిమ్మతొక్క నూనె. ఏది ఎన్ని నిమిషాల్లో ఊడిందో రాసుకోండి. ఆ పట్టిక తీసుకుని మాస్టారితో కలిసి ఊళ్లోని షెడ్డుకు వెళ్లండి. బండి మీద వాడేముందు కనపడని మూల ఒకసారి పరీక్షించి, పని అయ్యాక సబ్బు నీళ్లతో జిడ్డు కడగమనండి.

బంకంతా పోయాక కూడా గుర్తు ఆకారం నీడలా కనిపిస్తే రుద్దకండి. అది మురికి కాదు. చుట్టూ ఉన్న రంగు ఎండకు వెలిసింది, గుర్తు కింది రంగు వెలవలేదు.