ఫిరంగికి ముందు దుర్భిణి

సముద్రపు దొంగల కథతో అల్లిన వీడియో గేమును తొలిసారి తెరచిన పడుచువాడు సాధారణముగా చేయు మొదటి పని, ఎదుట కనబడిన ఓడపై ఫిరంగులు పేల్చుట. రెండవ పని, తన ఓడ మునుగుచుండగా కంట్రోలరును మంచముపైకి విసరివేయుట. సాగరమంతయు నీదే, ఏ దిక్కునకైనను పోవచ్చునని ఆట మొదటనే ఆశపెట్టును గనుక, చుక్కాని చేతికి అలవాటుపడక మునుపే ఆతడు యుద్ధమునకు దిగి బోల్తాపడును. గుంటూరు మిర్చియార్డుకు వేసవి సెలవులు వచ్చు దినములలో, బ్రాడీపేట సందులలోని అద్దెగదులలోను, ఒంగోలు, చీరాల ఇండ్లలోను ఇట్టి ఆటలకు కూర్చుండు యువకులు కొల్లలుగా నున్నారు. వారికి చెప్పదగిన మాట ఒక్కటే కలదని నా యభిప్రాయము: దొంగగా మారుటకు ముందు కొంతకాలము వర్తకుని కన్నుతో సముద్రమును చూడవలెను.

2013లో యూబీసాఫ్ట్ సంస్థ వెలువరించిన ‘అసాసిన్స్ క్రీడ్ 4: బ్లాక్ ఫ్లాగ్’ ఈ జాతి ఆటలలో తొలిపాఠమునకు నేటికిని తగినది. 1715 ప్రాంతపు వెస్టిండీస్ దీవులు, హవానా, నసావు, కింగ్‌స్టన్ రేవులు, వేల్స్ దేశమునుండి పొట్టచేతబట్టుకొని వచ్చిన ఎడ్వర్డ్ కెన్వే అను నాయకుడు, జాక్‌డా అను ఆతని ఓడ—ఇదియే రంగము. ఇందులో ఫిరంగికంటె విలువైన సాధనము దుర్భిణి. దానిని ఎత్తి దూరపు ఓడను చూచినచో అది యే స్థాయిదో, అందులో చక్కెర యెంత, రమ్ము యెంత, వస్త్రము, కలప, లోహము లెంతెంతయో తెరపై కనబడును. చూడక కలహించినవానికి పగిలిన ఓడ మిగులును, చూచి కలహించినవానికి సరుకు మిగులును. మిర్చియార్డులో టిక్కీ అను బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయలు పైకితీసి, వెలుతురులో రంగు పరికించి, పిడికిట నొక్కి తేమ కనుగొని, చెవిచెంత ఆడించి గింజల గలగల విని, అటుపిమ్మటగాని ధర పలుకని కొనుగోలుదారును ఎరిగినవారికి ఈ పాఠము క్రొత్తగా చెప్పనక్కరలేదు.

సంపాదించిన సరుకులో చక్కెరయు రమ్మును అమ్ముకొనుటకు, వస్త్రము, కలప, లోహము ఓడను బలపరచుకొనుటకు. తొలి ధనమును పెద్ద ఫిరంగులకు గాక ఓడ దేహమును గట్టిచేయుటకు వెచ్చించిన ఆటగాడు నాలుగు తప్పులు చేసియు బ్రదుకును. ఆయుధములకే వెచ్చించినవాడు ఒక్క తప్పుతో మునుగును. దీవులలో దిగినపుడు వేటాడి తెచ్చిన చర్మములతో సంచులును, ఒంటికి రక్షణయు కుట్టుకొనవలెను. కథ ముందుకు పోవలెనను తొందరలో దీనిని ఉపేక్షించి, నడిమి ఘట్టములలో చతికిలబడినవారిని చూచియున్నాను. శత్రువు ఫిరంగులు గురిపెట్టిన క్షణమున నావికులను వంగి తలదాచుకొనుమని ఆజ్ఞాపించు బటన్ ఒకటి కలదు. చిత్రమేమనగా, చాలమంది దానిని సగము ఆట గడచినగాని కనుగొనరు. తుపానులో లేచు రాకాసి అలకు ఓడ ప్రక్కను చూపరాదు, ముక్కును చూపవలెను. చీరాల వాడరేవు జాలరుల పిల్లలకు ఈ సంగతి ఎవరును నేర్పనక్కరలేదు.

ఓడను జయించిన పిమ్మట ఆట మూడు దారులు చూపును: ఆ కలపతో తన ఓడను మరమ్మతు చేసికొనుట, తనకై వేటగాండ్ర ఓడలు సాగించు గాలింపును తగ్గించుకొనుట, పట్టిన ఓడను తన నౌకాసముదాయమునకు చేర్చుట. మూడవది ఘనముగా తోచునుగాని, ఆరంభదశలో మొదటిదే మేలు. పటము నాలుగు మూలలను కావలికాయు మహానౌకలుండును. ఓడకు అన్ని బలములును సమకూరువరకు ఆ దిక్కు తొంగిచూడకుండుట బుద్ధిమంతుల లక్షణము. ఇది పెద్దలకొరకు చేసిన ఆట. ఐరోపాలో 18 ఏండ్లు నిండినవారికేయని దానిపై ముద్ర కలదు. పదేండ్ల బాలుని చేతికిచ్చి, అటుపిమ్మట ఆతడు కత్తియుద్ధము నేర్చెనని తల్లిదండ్రులు వాపోవుట న్యాయము కాదు.

2018లో రేర్ సంస్థ తెచ్చిన ‘సీ ఆఫ్ థీవ్స్’ మరియొక తీరు. ఇందు ఆటగాని బలము నానాటికి పెరుగునది కాదు. తొలినాటి ఆటగానికిని ఏండ్లనుండి ఆడువానికిని కత్తియు తుపాకియు ఒక్కటే. లంగరెత్తుట, తెరచాపను గాలికి త్రిప్పుట, చిల్లులకు పలకలు కొట్టుట, లోపలికి వచ్చిన నీటిని బకెట్టుతో తోడిపోయుట—అన్నియు చేతులారా చేయవలసినవే. ఇద్దరు మిత్రులు చిన్న ఓడతో ఆరంభించుట ఉత్తమము. ఇక్కడ ఎదుట వచ్చు ఓడలో నున్నవాడు పెక్కుసార్లు యంత్రము గాడు, ఏ దేశముననో కూర్చున్న మనిషి. ఆతడు పలుకరించునో కాల్చునో ముందుగా తెలియదు. కాబట్టి దొరికిన పెట్టె ఓడలో నున్నంతవరకు మనది కాదు, రేవులో అమ్మినపుడే మనది. రెండు మూడు పెట్టెలు చేరగానే రేవునకు మరలుట, రాత్రివేళ ఓడదీపములను ఆర్పుకొని పోవుట, ఇవి పిరికితనములు గావు. ఇంకొక్క దీవి, ఇంకొక్క పెట్టెయని అర్ధరాత్రివరకు ప్రాకులాడి సర్వమును పోగొట్టుకొనువారే ఇందు అధికసంఖ్యాకులు.

ఇంతవరకు మెలకువలు. ఇక ఈ ఆటలయందు నాకున్న ఆక్షేపము చెప్పవలెను. బ్లాక్ ఫ్లాగ్‌లో ఓడను నడపుచు పోవువానికి నీటిపై తేలు పెట్టెలును, కొట్టుకొనిపోవు నావికులును కనబడుదురు. రెంటిని ఒక్క బటన్‌తో పైకి తీసికొనవచ్చును, పెట్టె సరుకగును, మనిషి మన నావికుడగును. ఆ పెట్టె ఎవరిది, పగిలిన ఓడ ఎవరి అప్పుతో కట్టినదన్న ప్రశ్న ఆట యెన్నడును అడుగదు. ఈ ప్రశ్నను అడిగి, దానికి రాతిపై సమాధానము చెక్కించిన తీరము మన చెంతనే యున్నది. నిన్నమొన్నటివరకు ప్రకాశము జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను చేరిన చినగంజాము మండలపు మోటుపల్లిలో, కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనము గలదు. ఒక దేశమునుండి వేరొక దేశమునకు పోవుచు, గాలివాన తాకిడికి దారితప్పియో పగిలియో ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలైన సర్వస్వమును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనెడివారు. సముద్రయానమను మహాసాహసమునకు పూనుకొన్నవారికి ధనము ప్రాణముకంటె అధికము గనుక, నిర్ణీతసుంకము తప్ప తక్కినదెల్ల వారికే విడిచితిమని ఆ రాజు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము 30లో ఒక వంతు. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, మిరియము, పోక వంటివానికి పన్నులను వేర్వేరుగ పేర్కొనిరి.

ఇది దయాధర్మముల మాట మాత్రమే యని నేననుకొనను. తేలివచ్చిన సరుకును దోచిన రేవు ఒక్కనాడు బాగుపడును, మరునాడు ఆ దిక్కునకు ఓడ రాదు. రాజు ఈ లెక్క వేసినవాడే. ఆ శతాబ్ది చివర మార్కోపోలో ఈ రాజ్యమును ముత్ఫిలి, అనగా మోటుపల్లి, యను రేవుపేరుతోనే పేర్కొని, ఇచ్చటి వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను కొనియాడెను. కాకతీయుల పిమ్మట రెడ్డిరాజైన అనపోతారెడ్డి 1358లో అదే రేవున వర్తకులకు మరల రక్షణయు సౌకర్యములును ప్రకటించెను. అటుపిమ్మట 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి గ్లోబ్ అను ఓడ ఈ తీరమునకే వచ్చి, పెదపల్లియని పిలువబడుచుండిన నేటి నిజాంపట్నమున వస్త్రములకై మకాము పెట్టెను. అనగా మన ప్రత్తినేలల నేతకు సముద్రమే అంగడిగా నుండెను. ఆ అంగడి రెండువైపులది కూడ: నేడు మన పొలములను ఎఱ్ఱబరచు మిరప అమెరికాఖండపు పంట, వెస్టిండీస్ దీవులలో కొలంబసుకు కనబడినది, అనగా జాక్‌డా తిరుగు నీళ్లలోనే; పోర్చుగీసువారి కాలమున అది మన నేలకు దిగినది.

అట్టిచో, 2024లో వెలువడి హిందూమహాసముద్రమునే రంగముగా గైకొన్న ‘స్కల్ అండ్ బోన్స్’ మడగాస్కరును, ఆఫ్రికా తీరమును, తూర్పు దీవులను చూపి, వాని నడుమనున్న కోరమాండల్ తీరమును విడిచిపెట్టుట నాకు లోపముగా తోచుచున్నది. అరబ్బుల ధౌ అను చిన్న ఓడతో ఆట మొదలగుట మాత్రము మెచ్చదగినదే. దానితో దీవుల చుట్టును తిరిగి కలపయు నారయు పోగుచేసికొనుటలో విసుగుచెందువారు ఆ విసుగును కొన్నిదినములు భరింతురుగాక, ఆటలోని ధరలు, దారులు అందే తెలియును.

హైదరాబాదు గేమింగు కంపెనీలలో కోడు వ్రాయు మన గుంటూరు పిల్లలకు ఒక ఆరంభఘట్టము సూచింతును. తుపానుకు తెరచాప చినిగిన ఓడతో ఆటగాడు మోటుపల్లి రేవు చేరును. ఓడలో కర్పూరమును, లెక్కకు రాని ముత్యముల మూటయు ఉండును. ఒడ్డున సుంకరి నిలిచి 30లో ఒక వంతు అడుగును. ముత్యములను చూపవలెనా, దాచవలెనా? చూపినచో రేవున అప్పు పుట్టును, క్రొత్త తెరచాపకు చీరాల వస్త్రము దొరకును. దాచి పట్టుబడినచో ఆ రేవు మరి దొరకదు. మొదటి ఫిరంగి పేలుటకు ముందు ఆటగాడు ఈ బేరము తేల్చుకొనవలెను.