కలివికోడియు, కలకత్తా మ్యూజియమును

లంకమల అడవుల యంచున, సిద్ధవటము చుట్టునుగల ముండ్లపొదల మెట్టనేలలలో, పగలెల్ల దాగియుండి రాత్రులందు మాత్రమే సంచరించు కలివికోడిని గూర్చి కడప జిల్లాలో విననివారరుదు. కాని 1848లో ఆ పక్షిని శాస్త్రలోకమునకు మొదట వర్ణించి నామకరణము చేసిన ఎడ్వర్డు బ్లైత్ పేరు ఎరిగినవారు మనలో మిక్కిలి తక్కువ. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ మ్యూజియమునకు రెండు దశాబ్దములు క్యూరేటరుగా నుండి, తరువాత ఇండియన్ మ్యూజియమునకు మూలధనమైన జంతుసంగ్రహమును పెంచి పోషించిన ఈ విద్వాంసుని వారసత్వమును రాయలసీమవారు ప్రత్యేకముగా స్మరింపవలసిన కారణమొకటి కలదని నా దృఢవిశ్వాసము.

1810లో లండనులో జన్మించిన బ్లైత్ మొదట ఔషధ వ్యాపారము చేసి, అందు నెగ్గజాలక, 1841లో కలకత్తా చేరెను. ఏండ్లు గడచినను పెరుగని కొద్దిపాటి జీతము, చాలీచాలని సహాయము, సొసైటీ సభ్యులలో కొందరి ఫిర్యాదులు, క్షీణించుచున్న ఆరోగ్యము, 1857లో సంభవించిన భార్యావియోగము, ఇన్నిటి నడుమను దేశపు నలుమూలలనుండి వచ్చి చేరు చర్మములను, అస్థికలను పరీక్షించి, పోల్చి, పేరు వ్రాసి, వచ్చిన తావును పంపినవారి పేరును పట్టికలో నెక్కించుటయే ఆయన జీవితమయ్యెను. చార్లెస్ డార్విన్ ఆయనతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, 1859లో ప్రకటించిన తన మహాగ్రంథమున ఆయన అభిప్రాయమును ఎంతో గౌరవముతో పేర్కొనెను. అనారోగ్యముచే 1862లో కలకత్తాను విడిచి స్వదేశమునకు మరలిన బ్లైత్ 1873లో కాలధర్మము నొందెను.

మద్రాసు సైన్యవైద్యుడు థామస్ జెర్డన్ సంపాదించిన నమూనాను ఆధారముగా గొని, కంఠము క్రింద రెండు పట్టీలుగల ఈ పక్షిని బ్లైత్ వర్ణించెను. పెన్నా గోదావరీ లోయలలో అరుదుగా గానవచ్చుచుండిన ఆ పక్షి 1900లో అనంతపురము వద్ద కనిపించిన పిమ్మట ఎనుబదియైదేండ్లకుపైగా ఎవరి కంటను బడలేదు. అది అంతరించినదనియే పలువురు నిశ్చయించుకొనిరి. అట్టి స్థితిలో 1986 జనవరియందు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అన్వేషణకు తోడుపడిన స్థానికుడు ఐతన్న, రెడ్డిపల్లె సమీపమున రాత్రివేళ దీపపు వెలుగున ఒక పక్షిని పట్టెను. ఆ పొదలను, ఆ చీకటిని, ఆ పక్షి నడకను ఎరిగిన ఐతన్న లేకున్నచో అది చేతికి చిక్కెడిది కాదు. నూటముప్పది యెనిమిదేండ్ల క్రిందటి వర్ణనయు, భద్రపరచిన పాత చర్మములును లేకున్నచో చేతికి చిక్కినది కలివికోడియే యని నిర్ధరించుట సాధ్యమయ్యెడిది కాదు. అడవి నెరిగినవాని జ్ఞానమును, మ్యూజియము దాచిన జ్ఞానమును కలిసినపుడే ఆ పక్షి మనకు మరల దక్కినది.

వస్తువును దాచుటకంటె దానితో వచ్చిన వివరమును దాచుట ముఖ్యమనుటకు మరియొక నిదర్శనము కలదు. 1917లో కోలారు ప్రాంతమున నొక పశువైద్యాధికారి సేకరించిన గుడ్డొకటి దాదాపు శతాబ్దకాలము మరుగుపడియుండి, 2013 నాటికి స్కాట్లండులోని అబర్డీను విశ్వవిద్యాలయపు మ్యూజియమున బయల్పడెను. పాత చర్మముయొక్క కాలివేలినుండి గ్రహించిన డీఎన్ఏతో పోల్చి చూడగా అది కలివికోడి గుడ్డేయని తేలినది.

కర్నూలు సీమ కథయు నిట్టిదే. బేతంచెర్ల చేరువనున్న బిల్లసర్గము గుహలలో 1884, 1885 సంవత్సరములందు భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూస్ ఫూట్ తన కుమారునితో గూడి త్రవ్వించి తీసిన ఎముకలను లిడెక్కరు అను పురాజీవశాస్త్రజ్ఞుడు పరిశోధించి, అందొక ఖడ్గమృగమునకు కర్నూలు పేరిటనే నామకరణము చేసెను. ఈ మెట్టసీమలో నొకప్పుడు ఖడ్గమృగములు సంచరించినవన్న సంగతి మన పిల్లలలో నెందరికి తెలియును? దాని సాక్ష్యములు మన జిల్లాలలో కానరావు. చూడగోరువారు దూరనగరముల మ్యూజియములను, పాతసంపుటములను ఆశ్రయింపవలసినదే. జ్వాలాపురమున జుర్రేరు లోయలో, డెబ్బదినాలుగువేల యేండ్ల క్రిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతము వెదజల్లిన బూడిద పొరలై నిలిచియున్నది. దాని పైని, క్రిందను ఆదిమానవుల రాతిపనిముట్లు లభించినవి. ప్రపంచ శాస్త్రజ్ఞులు వెదకికొనుచు వచ్చు ఇట్టి సంపద మన పాదములక్రిందనే యున్నది.

కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియము శిల్పములను ఆదరముతో కాపాడుచున్నది, సంతోషము. కాని ఈ సీమయొక్క పక్షి, మృగ, వృక్ష, శిలాసంపదకు ప్రత్యేకముగా అంకితమైన సంగ్రహమొకటి కడపలోనో కర్నూలులోనో నెలకొనవలసియున్నది. అందులకై ప్రాణులను చంపనక్కరలేదు. రాలిన యీకలు, ధ్వనిముద్రితమైన కూతలు, ఛాయాచిత్రములు, ఎండబెట్టిన మొక్కలు, గుహల మట్టి పొరలు చాలును. ప్రతి వస్తువునకు ప్రక్కన తేదీయు, తావును, తెచ్చి యిచ్చిన కాపరి పేరును వ్రాయబడవలెను.

కరవుసీమలో నీటికి, ఉపాధికి ముందు మ్యూజియమెందులకని ప్రశ్నించువారు కలరు. వారి ఆవేదన న్యాయమైనదే. పొలమునకు నీరు రావలసినదే. కాని తెలుగుగంగ కాలువ పనులు కలివికోడి నివాసములోనికి చొచ్చుకొని పోగా, దానిని కాపాడుటకై మార్గమునే మార్చవలసివచ్చిన సంగతి మరువరాదు. ఏ మెట్టలో ఏ ప్రాణి బ్రదుకుచున్నదో ముందుగనే లెక్క వ్రాసియుంచిన జిల్లాలో కాలువగీతను మొదటనే సరిగా గీయవచ్చును. అప్పుడు రైతునకు జాప్యమును, పక్షికి హానియు రెండును తప్పును. కావున ఈ సంగ్రహము నీటికి పోటీ కాదు, నీటిపనికి సహాయము.

బ్లైత్ బ్రతుకు మనకు బోధించునది ఇంకొకటి కూడ కలదు. మ్యూజియమనగా భవనము కాదు. అనుదినమును వస్తువులను పరిశీలించి, పట్టికను సరిచూచు విద్యావంతుడైన సంరక్షకుడే మ్యూజియము. ఆయనవంటి వానికి చాలినంత జీతము నీయకపోవుట నాటి లోపము. ఆ పదవినే సృష్టింపకపోవుట నేటి లోపము. ప్రభుత్వము రాయలసీమకు ప్రకృతిచరిత్ర మ్యూజియమును తలపెట్టిన నాడు, శంకుస్థాపనకు ముహూర్తము నిర్ణయించుటకు ముందు, శిక్షణపొందిన క్యూరేటరును నియమించి, వాని జీతమునకు శాశ్వతమైన పద్దును ఏర్పరుపవలెను.