టవరు ఎవరిది?

కెంటారో టొయామా 2015లో వెలువరించిన ‘గీక్ హెరెసీ’ గ్రంథం సాంకేతికతపై పెంచుకొన్న భ్రమలకు మంచి విరేచనౌషధం. బెంగుళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల స్థాపకుల్లో ఒకరైన ఆయన చెప్పేది స్థూలంగా ఇది: యంత్రం మనుషుల్లో ఉన్న సామర్థ్యాన్నీ సంకల్పాన్నీ పెంచగలదే గాని, లేనిదాన్ని పుట్టించలేదు. కాదనడానికి వీల్లేని మాట. అయితే దాన్ని ఆసరా చేసుకొని, పేద పల్లెకు ముందు సామర్థ్యం రానీ, ఇంటర్నెట్ సంగతి తరువాత చూద్దామనేవారితోనే పేచీ. ఆ సామర్థ్యం మరి ఎక్కడినుంచి ఊడిపడుతుంది?

దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లోని మాంకోసి గ్రామీణులు, వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయ పరిశోధకుల తోడ్పాటుతో, తమ ఇళ్ల మీద సౌరఫలకాలూ వైఫై పరికరాలూ అమర్చుకొన్నారు. 2014లో సహకార సంఘంగా నమోదయ్యారు. పేరు ‘జెంజెలేని’, షోసా భాషలో ‘మీరే చేసుకోండి’ అని అర్థం. విశేషమేమంటే, ఆ సౌరవిద్యుత్తుతో ఊరివారి ఫోన్లు చార్జి చేసిపెట్టడమే సంఘానికి తొలినాళ్ల రాబడి. రాజధానిలో కూర్చొన్న ప్రణాళికాకర్తకు తట్టే ఉపాయం కాదది. నియంత్రణ సంస్థనుంచి లైసెన్సు మినహాయింపు తెచ్చుకోవడం, లెక్కలు చూపడం, ధర తామే నిర్ణయించుకోవడం: టొయామా కోరిన సామర్థ్యం ఈ పనుల్లోనే పెరిగింది. చిన్న ప్యాకేజీలు కొనే పేదలే మెగాబైటుకు ఎక్కువ చెల్లిస్తున్నారని 2019 డిసెంబరులో ఆ దేశపు పోటీ కమిషనే తేల్చింది. ఆ నేపథ్యంలో ధర నిర్ణయించే హక్కు చిన్నది కాదు.

నేపాల్‌లో మహాబీర్ పున్ చేసినదీ ఈ కోవలోదే. ఆయన స్వగ్రామం నాంగీ. చెట్లమీద రిలే పరికరాలు కట్టి, ఇంట్లో తయారుచేసిన యాంటెన్నాలతో కొండపల్లెలను పోఖరాతో కలిపారు. 2007లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. ఆ దారినే టెలిమెడిసిన్ కూడా నడిచింది. ఇక్కడ వైద్యులు కాస్త నిగ్రహం పాటించాలి. తెరమీద నిపుణుడు కనిపించినంత మాత్రాన మందు చేరదు, కాన్పు ఆగదు. ఇవతలి వైపు రోగి నాడి పట్టి, సరైన ప్రశ్న అడగగల ఆరోగ్య కార్యకర్త ఉండాలి. ఆమెకు జీతం అందాలి.

ఊరి సంఘాలకు బలహీనతలు లేకపోలేదు. పని నేర్చిన కుర్రవాడు పట్నం పోతాడు; బ్యాటరీ చచ్చిపోతుంది. అంతమాత్రాన ఊరివారికి చేతకాదని తేల్చడం తొందరపాటు. గ్రామీణ సేవలకోసం అనేక ప్రభుత్వాలు టెలికాం సంస్థలనుంచి సార్వత్రిక సేవా నిధి వసూలు చేస్తున్నాయి. అందులో టవర్ల నిర్మాణంతోపాటు మరమ్మతులకూ ఒక పద్దు పెట్టి, దాన్ని ఇటువంటి సంఘాల పేర తెరవమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు.