హాలు అందం నెత్తిమీద లేదు

హాలుకు పీఓపీ సీలింగ్ లేకపోతే ఇల్లు పూర్తయినట్టే కాదట. గోడలు మాత్రం తెల్లగానో బూడిద రంగులోనో బోసిగా ఉండాలి, చిన్న హాల్లో డిజైన్లు పెడితే ఇంకా ఇరుకవుతుందట. ఇంటీరియర్ వాళ్ల ఈ మాట హైదరాబాద్ బల్కంపేట, ఎస్సార్ నగర్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు శాసనమై కూర్చుంది. నిజానికి హాలును ఇరుకు చేసేది నెత్తిమీది ఆ అట్టే. జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాసపు గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు అడుగుతుంది, ఏసీ గదికైతే 2.4 మీటర్లకు ఒప్పుకుంటుంది. నేల నుంచి శ్లాబు దాకా తొమ్మిదిన్నర అడుగులున్న హాల్లో ఫ్రేము, జిప్సం బోర్డు, లైట్ల గాడి కలిపి 8 అంగుళాలు దించితే మిగిలేది 2.7 మీటర్ల లోపే. ఆ గదిలో ఇక ఏసీ ఉండి తీరాలి! ఫ్యాను కూడా కిందికి దిగుతుంది. దిగకపోతే రెక్కల పైన గాలి ఆడదు.

పై అంతస్తులో సీలింగ్ వేడిని ఆపుతుందంటారు. కొంత నిజమే, కానీ అప్పటికే కాగిన శ్లాబుకు కింద అడ్డం పెట్టడం అది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్‌రూఫ్ విధానం ఎండను డాబా మీదే తిప్పికొట్టమంటుంది. పైగా శ్లాబు కారితే పీఓపీ ఆ నీళ్లు పీల్చుకుంటుంది, మరక పైకి తేలేసరికి ఎక్కడ కారుతోందో పట్టుకోవడం కష్టం. సన్నని కార్నీస్‌తో మాత్రం నాకు పేచీ లేదు. ఇటుక గోడా కాంక్రీటు దూలమూ ఒకేలా కుంచించుకోవు కాబట్టి ఆ రెండూ కలిసే చోట వెంట్రుకవాసి బీట పడుతుంది. మూడు అంగుళాల పట్టీ దాన్ని కప్పుతుంది. దానికో పని ఉంది, మెట్లు మెట్లుగా దిగే సీలింగ్‌కు ఆ పనీ లేదు.

చౌమహల్లా ప్యాలెస్‌లో పైకప్పు దాకా అలంకారం ఉంది కదా అనవచ్చు. ఆ దర్బారు ఎత్తుకు అది చెల్లింది. అదే పైగా నవాబుల సమాధుల దగ్గర చూడండి: గచ్చుపనిలో తీర్చిన జాలీల గళ్లు మనిషి కంటికి ఎదురుగానే ఉంటాయి. మన ఇళ్లలోనూ అలంకారం ఎప్పుడూ చూపుకు అందే చోటే ఉంది. వాకిట్లో ముగ్గు, గడపకు పసుపు కుంకుమ, ఎల్లమ్మకు ఎత్తే బోనం కుండ మీద బొట్లు, అన్నీ అలాంటివే. డిజైను గదిని ఇరుకు చేయడమన్నది దాని కొలతను బట్టి, రంగుల తేడాను బట్టి ఉంటుంది. నాలుగు గోడలకూ పెద్ద పూల వాల్‌పేపర్ అంటిస్తే ఊపిరాడదు, ఒప్పుకుంటాను. కిటికీకి పోచంపల్లి ఇక్కత్ తెర వేస్తే? నేతకు ముందే నూలుకు ముడులు కట్టి అద్దకం వేస్తారు గనుక గళ్ల అంచులు కొంచెం చెదిరి ఉంటాయి. అందుకే దగ్గరికి వెళితే నమూనా, సోఫాలోంచి చూస్తే మెత్తని రంగు.

సీలింగ్ మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి టేపు పట్టి హాలు ఎత్తు కొలవండి. పది అడుగులు లేకపోతే శ్లాబుకు సున్నం కొట్టించి, చుట్టూ సన్న కార్నీస్ వేయించి, మిగిలిన డబ్బు గోడలకూ తెరలకూ పెట్టండి.