స్నూకర్ పోటీలు వచ్చి వెళ్లాయి. బల్ల మాత్రం పల్లెకు రాలేదు

మేడారం: 2016 ఫిబ్రవరిలో ఇక్కడ సమ్మక్క సారలమ్మల జాతర జరిగింది. అదే ఏడాది జులైలో హైదరాబాద్‌లో మరో తరహా సంరంభం కనిపించింది. ప్రపంచ ప్రొఫెషనల్ స్నూకర్ ఆటగాళ్లు ఇండియన్ ఓపెన్ పోటీల కోసం అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్‌కు తరలివచ్చారు. జాతర సంగతి దేశమంతా తెలుసు. స్నూకర్ సంగతి మాత్రం ఒకప్పటి వరంగల్ జిల్లాలోని, నేటి ములుగు జిల్లాలోని పల్లెల్లో తెలిసినవారు బహు తక్కువ.

హైదరాబాద్ ఫైనల్‌లో స్కాట్లండ్‌కు చెందిన ఆంథోనీ మెక్‌గిల్ 5-2 తేడాతో ఇంగ్లండ్ ఆటగాడు కైరన్ విల్సన్‌ను ఓడించాడు. మెక్‌గిల్‌కు అదే తొలి ర్యాంకింగ్ టైటిల్. బహుమతి 50 వేల పౌన్లు, అంటే అప్పటి లెక్కన 40 లక్షల రూపాయలకు పైమాటే. ఆనాడు ఓడిన విల్సన్ 2024లో ప్రపంచ చాంపియన్ కావడం విశేషం.

మరుసటి ఏడాది సెప్టెంబరులో పోటీలు విశాఖపట్నం వెళ్లాయి. మెక్‌గిల్ మళ్లీ ఫైనల్‌కు వచ్చాడు గాని, నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన జాన్ హిగిన్స్ ముందు నిలవలేకపోయాడు. 5-1తో హిగిన్స్ గెలిచాడు. 2019లో కొచ్చిలో మాథ్యూ సెల్ట్ 5-3తో చైనా యువకుడు ల్యూ హావోటియన్‌పై నెగ్గాడు. ఆ తర్వాత ఇండియన్ ఓపెన్ ఊసే లేదు.

ఆట తెలియని వారి కోసం రెండు మాటలు. బల్ల పొడవు 12 అడుగులు, వెడల్పు 6 అడుగులు. అడుగున పలకరాయి, పైన ఉన్ని గుడ్డ. ఎర్ర బంతులు 15, రంగు బంతులు 6, కొట్టడానికి ఒక తెల్ల బంతి. ఎర్ర బంతిని జేబులో వేస్తే ఒక పాయింటు, వెంటనే ఒక రంగు బంతిని వేయాలి. రంగుల్లో పసుపుకు 2 పాయింట్లతో మొదలై నలుపుకు 7 వరకు ఉంటుంది. ఎర్రవి ఉన్నంతవరకు రంగు బంతిని తీసి మళ్లీ బల్ల మీద పెడతారు. ప్రతి ఎర్ర బంతి తర్వాత నలుపే వేసి, చివరికి ఆరు రంగులూ వరుసగా ముగిస్తే 147. క్యారమ్స్ ఆడే కుర్రాడికి ఇందులో సగం సంగతి చెప్పకుండానే అర్థమవుతుంది. గురి, కోణం, కొట్టిన తర్వాత స్ట్రైకర్ ఎక్కడ ఆగాలన్న లెక్క, ఇవన్నీ అతడికి అలవాటైనవే.

ఇంతకీ ఈ ఆట పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్ సైనిక శిబిరంలో నెవిల్ చాంబర్లేన్ అనే ఆంగ్ల అధికారి దీనిని మొదలుపెట్టాడని చెబుతారు. నియమాలు ఊటీ క్లబ్బులో రూపుదిద్దుకున్నాయి. అమెచ్యూర్ పోటీల్లో మనవారికి కొదువ లేదు. 1958లో విల్సన్ జోన్స్ బిలియర్డ్స్‌లోను, 1984లో ఓం అగర్వాల్ స్నూకర్‌లోను ప్రపంచ విజేతలయ్యారు. పంకజ్ అద్వానీకి పాతికకు పైగా ప్రపంచ టైటిళ్లున్నాయి.

మరి ప్రొఫెషనల్ పోటీల్లో మనవారు ఎందుకు నిలవడం లేదు? 2013లో ఢిల్లీ ఇండియన్ ఓపెన్‌లో ఆదిత్య మెహతా ఫైనల్‌కు చేరి చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో 5-0తో ఓడాడు. మన ఆటగాడు ర్యాంకింగ్ ఫైనల్ చేరడం అదే మొదలు. అద్వానీ సైతం 2012 నుంచి రెండేళ్లు ప్రొఫెషనల్ టూర్‌లో ఆడి తిరిగి వచ్చాడు. టూర్ ఆడాలంటే ఇంగ్లండ్‌లో మకాం పెట్టాలి. ప్రయాణం, బస, సాధన ఖర్చులు సొంతంగా భరించాలి. మొదటి రౌండ్లలోనే ఓడితే ఖర్చు కూడా రాదు. ఇక్కడ అమెచ్యూర్ పతకం తెస్తే ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం దొరకవచ్చు. అద్వానీ ఓఎన్‌జీసీ ఉద్యోగి. కడుపు నిండే దారి ఏదో ఎవరికి వారే చూసుకుంటారు, తప్పుపట్టలేము.

చైనా వారు మరో పద్ధతి పట్టారు. 2005లో డింగ్ స్వదేశంలో చైనా ఓపెన్ గెలిచాక ఆట అక్కడ ఊపందుకుంది. టోర్నమెంట్లతో పాటు పిల్లలకు శిక్షణ కూడా సాగింది. ఇరవై ఏళ్లకు, 2025లో, ఝావో షిన్‌టాంగ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మన దగ్గర హోటల్ హాలులో వారం రోజులు ఆట, తర్వాత బల్లలు విప్పి తరలింపు. హైదరాబాద్‌లో ఉన్న క్లబ్బులకైతే కొంత ఉత్సాహం దక్కి ఉండవచ్చు. సుమారు 250 కిలోమీటర్ల దూరాన ఉన్న తాడ్వాయి మండలానికి దక్కినదేమిటి?

బల్ల ఖరీదు లక్షల్లో ఉంటుంది. పలకరాయి బరువుకు గట్టి నేల కావాలి, తేమ లేని హాలు కావాలి. ఏ గ్రామ పంచాయతీ కూడా ఇంత భారం మోయలేదు. ఊరికొక బల్ల ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. అయితే ములుగులో 2023 నాటి చట్టం ద్వారా సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి ఇండోర్ హాలు కడితే అందులో రెండు బల్లలకు చోటు వదలడం పెద్ద పని కాదు. సెలవు రోజుల్లో చుట్టుపక్కల గూడేల పిల్లలను కూడా రానివ్వాలి. హాలు కట్టేశాక నేల తవ్వి బలపరచడం కంటే, ప్లాను గీసేటప్పుడే అడగడం మేలు.